పన్ను ఊడితే పునుగులు: పుట్టినరోజు కాని రోజుల్లో పిల్లల సంబరాలు

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "బాబుకి ఏడేళ్లు, ఆగస్టులో ఎనిమిది నిండుతాయి. పాపకి నాలుగు. పుట్టినరోజులు హాల్లో చేస్తాం, ఒక్కోదానికి నలభై వేలు దాటుతోంది. మర్నాటి నుంచే 'మళ్ళీ ఎప్పుడు?' అని మొదలు. పండగలొస్తే సెలవు, టీవీ, ఫోను, అంతే. పెద్ద ఖర్చు లేకుండా ఏడాది పొడుగునా పిల్లల కోసం ఇంట్లో చేసుకోదగ్గ సందర్భాలు ఇంకేమైనా ఉన్నాయా?"

అమ్మా, నువ్వు అంటాను, ఏమీ అనుకోకు. నా చిన్న కోడలి వయసుంటుంది నీకు. గోదావరి జిల్లాల్లో ముప్పై రెండేళ్లు పంతులమ్మగా చేశాను, అన్నీ ఒకటి నుంచి ఐదు తరగతులే. నాకు ముగ్గురు పిల్లలు, ఐదుగురు మనవలు. ఇప్పుడు హైదరాబాదులో పెద్దబ్బాయి దగ్గర ఉంటున్నాను. నువ్వు అడిగినది నా కోడళ్ళిద్దరూ వేర్వేరు సమయాల్లో నన్ను అడిగినదే. వాళ్ళకి చెప్పిందే కాస్త వివరంగా చెబుతాను.

నీ బాబు బోర్లా పడ్డ రోజు మీ అమ్మగారో అత్తగారో ఏం చేశారో గుర్తుందా? మా వైపు బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పారాడితే పాయసం, అడుగులేస్తే అరిసెలు, పలుకు వస్తే పంచదార చిలకలు. ఈ వరస ఇంటింటికీ కొంచెం మారుతుంది. నవ్వితే నువ్వుండలు చేసేవాళ్ళున్నారు, గడప దాటితే గారెలు వండేవాళ్ళున్నారు. అరిసెలు మాత్రం అందరిళ్ళలోనూ ఉంటాయి. వాటిని పరిచి, వాటి మీద బుల్లి పాదాలతో అడుగులు వేయించి, తరవాత వీధంతా పంచుతారు. ఎవరింటికి అరిసెలు వచ్చినా "ఓహో, ఫలానా వాళ్ళ మనవడు నడుస్తున్నాడన్నమాట" అని తెలిసిపోయేది.

మన పెద్దవాళ్ళు ఇందులో మూడు పనులు చేశారు చూడు. బిడ్డ తనంతట తాను చేసిన పనికి వేడుక పెట్టారు. దానికి ఒకే ఒక్క వంటకం ముడేశారు. ఆ వంటకాన్ని గుర్తుండేలా ప్రాసతో కట్టారు. హాలు లేదు, కేకు లేదు, బహుమతి లేదు. ఇంత మంచి పద్ధతిని మనం బిడ్డకి రెండేళ్లు నిండగానే ఎందుకు ఆపేస్తున్నామన్నదే నాకు అర్థం కాదు. నడక వచ్చాక పిల్లలు నేర్చుకోవడం ఆగిపోతుందా? అసలైనవన్నీ అప్పుడేగా మొదలయ్యేది! ఆపేసిన చోట నుంచి ఆ వరసని ముందుకు సాగించు, నేను చెప్పేది అంతే.

మా ఇంట్లో ఎలా సాగిందో చెబుతాను. పెద్ద మనవడికి ఆరో ఏట మొదటి పన్ను ఊడింది. "పన్ను ఊడితే పునుగులు" అన్నాను నోటికొచ్చినట్టు. లోపల మెత్తగా ఉంటాయి కనుక బోసినోటికి కూడా పనికొస్తాయి. అంతే, ఇక వాడు ఊరుకుంటాడా! సైకిలు తొక్కితే ఏంటి, లేసు కట్టుకుంటే ఏంటి అని ఒకటే ప్రాణం తీశాడు. సైకిలుకి సున్నుండలు, లేసుకి లడ్డు. మనవరాలు తన జడ తనే అల్లుకున్న రోజు జంతికలు. ఈత నేర్చుకున్న రోజున కోడలు "ఈతకి ఇడ్లీ" అంటే ఇద్దరూ కలిసి ధర్నా చేశారు, రోజూ తినేది పండగెలా అవుతుందని. న్యాయమే కదా. చివరికి ఇలాచీ వేసిన పాలకోవాతో రాజీ కుదిరింది. ప్రాస కుదర్చడం పిల్లలకే వదిలెయ్యి. తెలుగు మాటల కోసం వెతుక్కుంటారు, అది నీకు అయాచితంగా వచ్చే లాభం. అమెరికాలో ఉన్న నా చిన్న మనవరాలికి తెలుగు అక్షరాల్లో సగం ఈ తిండి ప్రాసల్లోనే వచ్చాయి.

నాకు అన్నిటికంటే నచ్చినది "అబద్ధం ఒప్పుకుంటే అప్పాలు". ఆరేళ్ల పిల్ల తనంతట తాను వచ్చి "పూలకుండీ నేనే పగలగొట్టాను, పిల్లి కాదు" అంది. ఆ సాయంత్రం అప్పాలు వండాను. తండ్రికి నచ్చలేదు, తప్పు చేస్తే తిండి పెడతారా అన్నాడు. కుండీకి కాదురా, నోరు విప్పినందుకు అన్నాను. ఇది మాత్రం ఏడాదికొక్కసారే సుమా. లేకపోతే అప్పాల కోసం కుండీలు పగులుతాయి.

పాలపళ్ళు మొత్తం ఇరవై. ప్రతిదానికీ మూకుడు పెట్టనక్కర్లేదు, మొదటిదానికీ ఆఖరిదానికీ చాలు. మా చిన్నప్పుడు ఊడిన పన్నుని పేడలో పొదిగి పెంకుల మీదకి విసిరేవాళ్ళం. మీరుండేది అయిదో అంతస్తు అయితే ఆ విసురు పైవాళ్ళ బాల్కనీలో పడుతుంది. మేము తులసి కోట పక్కన మందారం కుండీలో పాతిపెడుతున్నాం. మందారం బాగానే పూస్తోంది, పళ్ళ మహిమో పేడ మహిమో గాని.

ఇక్కడ నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. మా పెద్దబ్బాయి చిన్నప్పుడు క్లాసులో ఫస్టు వస్తే ఇంట్లో పూర్ణం బూరెలు వండేదాన్ని. పంతులమ్మ కొడుకు కదా, గర్వం. నాలుగో తరగతిలో ఒకసారి మూడో ర్యాంకు వచ్చింది. ప్రోగ్రెస్ కార్డు బియ్యం డబ్బాలో అడుగున దాచాడు. వారం తరవాత బియ్యం కొలుస్తుంటే చేతికి తగిలింది. వాణ్ణేమీ అనలేదు గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బూరెలు వాడికి పండగలా కాక పరీక్షలా తయారయ్యాయని అప్పటికి అర్థమైంది. ఆ తరవాత మా ఇంట్లో మార్కులకి, ర్యాంకులకి, కప్పులకి వంట లేదు. ఇంకొకరు అంకె వేసేవాటికి వేడుక వద్దు. చెప్పుల పట్టీ సొంతంగా పెట్టుకోవడానికి ఎవరూ ర్యాంకు ఇవ్వరు.

ఇదంతా పిల్లలు నేర్చుకున్నవాటికి చేసే వేడుక. రెండో రకం లెక్కల మీద నడిచేది. నేను లెక్కల టీచర్ని కూడా కాబట్టి ఇది నాకు సరదా.

నీ బాబుకి పుట్టినరోజు ఒకటి కాదు, రెండు ఉన్నాయి. తేదీ ప్రకారం ఒకటి, తిథి ప్రకారం ఒకటి. మన చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు, అంటే తిథి పుట్టినరోజు ఏటా పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. అధికమాసం వచ్చిన ఏడు మళ్ళీ వెనక్కి వస్తుంది. పంతొమ్మిదేళ్లు నిండే పుట్టినరోజుకి తిథీ తేదీ, ఒకరోజు అటూఇటూగా, ఒకచోట కలుస్తాయి. తేదీ పుట్టినరోజు స్నేహితులకి వదిలెయ్యి, వాళ్ళ కేకు, వాళ్ళ బెలూన్లు. తిథి పుట్టినరోజు ఇంటిది. పొద్దున్నే తలంటి, కొత్త బట్టకి పసుపు బొట్టు, అక్షింతలు, పాయసం, వీలైతే గుడికి. అమ్మమ్మా తాతయ్యలకి ఫోను చేస్తే వాళ్ళ సంతోషం చూడాలి. పంచాంగం వాళ్ళకే తెలుసు కనుక ఆ రోజు ఎప్పుడో కనుక్కునే పని కూడా వాళ్ళకే అప్పగించు.

ఇక పున్నములు. మా పక్క ఫ్లాటు తాతగారికి సహస్ర చంద్ర దర్శనం చేశారు, వెయ్యి పున్నములు చూసినవాళ్ళకి చేస్తారు కదా, ఎనభై ఏళ్ల పైచిలుకులో వస్తుంది. భోజనాలు చేస్తుండగా నా మనవడు "నేనెన్ని పున్నములు చూశాను నాయనమ్మా?" అని అడిగాడు. నాకూ తెలీదు. ఇంటికొచ్చి కాగితం తీశాం. పున్నమికీ పున్నమికీ మధ్య సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. లెక్క వేస్తే భలే సంగతి తేలింది: ఎనిమిదేళ్లలో దాదాపు సరిగ్గా తొంభై తొమ్మిది చాంద్రమాసాలు ఉంటాయి. అంటే ఎనిమిది నిండిన తరవాత వచ్చే తొలి పున్నమి, ఇంచుమించుగా పిల్లవాడి వందో పున్నమి! ఏ యాప్ అక్కర్లేదు, గోడ మీది క్యాలెండర్ చాలు.

వాడి వందో పున్నమికి మేడ మీద చాప వేసి, పరమాన్నం, పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్ళాం. తాతగారిని కూడా పిలిచాం. వెయ్యి చూసినాయన పక్కన వంద చూసిన వీడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయన తన చిన్నప్పుడు కరెంటు లేని ఊళ్ళో వెన్నెల్లో చదువుకున్న సంగతి చెప్పారు. ఎవరూ ఫోను తీయలేదు. అంటే నేను తియ్యనివ్వలేదు, అది వేరే విషయం. మొత్తం ఖర్చు రెండు లీటర్ల పాలు, బియ్యం, బెల్లం.

లెక్కలు ఇష్టమైన పిల్లలైతే వెయ్యి రోజుల పండగ కూడా చేసుకోవచ్చు. మొదటి వెయ్యి రెండేళ్ల తొమ్మిది నెలల దగ్గర, రెండో వెయ్యి అయిదున్నర ఏళ్ల దగ్గర పడతాయి. ఎనిమిదేళ్లకి 2922 రోజులు, అంటే ఎనిమిదో పుట్టినరోజు నుంచి 78 రోజులు లెక్కపెడితే మూడు వేలు. ఇదేదో నా పిచ్చి అనుకోకు. కొరియా వాళ్ళు బిడ్డకి వందో రోజు వేడుక చేస్తారు. మా కింది ఫ్లోరు ముస్లిం కుటుంబం వాళ్ళ పాపకి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు బిస్మిల్లా చేశారు. అది వాళ్ళ అక్షరాభ్యాసం అనుకో. వాళ్ళు పంపిన మిఠాయి తింటూ ఆ లెక్క విని నేను మురిసిపోయాను. అందరూ పిల్లల రోజులు లెక్కపెట్టుకున్నవాళ్ళే.

పండగల సంగతి పెద్దగా చెప్పను, నీకు తెలియనిది కాదు. ఒక్కటే చెబుతాను. ప్రతి పండగలోనూ పిల్లల చేతి పని ఒకటి ఉంది, దాన్ని మనం బజారులో కొనేస్తున్నాం, అక్కడొచ్చింది చిక్కు. రథసప్తమికి చిక్కుడుకాయలూ చీపురు పుల్లలతో రథం కట్టడం పిల్లల పని. వినాయక చవితి పాలవెల్లికి వెలక్కాయా మొక్కజొన్న పొత్తూ వేలాడదీయడం పిల్లల పని. దీపావళి సాయంత్రం గోగు పుల్లకి గుడ్డ వత్తులు చుట్టి వెలిగించి, దిబ్బు దిబ్బు దీపావళి అంటూ నేలకి కొట్టి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి తీపి తినడం పూర్తిగా పిల్లలదే. ఇక్కడికొచ్చాక తెలంగాణ ఇరుగుపొరుగు దగ్గర బొడ్డెమ్మ చూశాను. బతుకమ్మకి ముందు చిన్న ఆడపిల్లలు ఆడుకునేది. పెద్దవాళ్ళ పండగకి పిల్లల పండగ ఒకటి ముందే పెట్టిన ఆ ఆలోచన నాకెంత నచ్చిందో! ఆ పనులు పిల్లల చేతికి తిరిగి ఇస్తే టీవీ దానంతట అదే ఆగుతుంది. రథం వంకరగా వస్తే రానీ. సూర్యుడు ఏమీ అనుకోడు.

మీ పాపకి ఇంకా భోగిపళ్ళు పొయ్యొచ్చు, సాధారణంగా ఐదేళ్ల లోపు పోస్తారు కాబట్టి ఇంకో ఏడాది ఉంది. బాబు ఏడుస్తాడు, నాకెందుకు లేవని. వాడి చేత రేగిపళ్ళూ పూలరెక్కలూ చిల్లర నాణేలూ నానబెట్టిన శనగలూ కలిపించి, చెల్లి తల మీద మొదటి దోసిలి వాడి చేతే పోయించు. పోసేవాడు పెద్దవాడన్నమాట.

అన్నాచెల్లెళ్ళ గొడవ అనగానే ఇంకొకటి గుర్తొచ్చింది. చిన్నవాళ్ళ పుట్టినరోజు నాడు పెద్దవాళ్ళు మొహం ముడుచుకుంటారు, చూసే ఉంటావు. పాప పుట్టినరోజునే "అన్న అయిన రోజు" అని బాబుకి కూడా చెయ్యి. పొద్దున పూట వాడిది. చెల్లిని ఆసుపత్రిలో మొదటిసారి చూసినప్పుడు వాడు ఏమన్నాడో చెప్పు, ఉంటే ఫోటో చూపించు, వాడికి నచ్చిన టిఫిను చెయ్యి. సాయంత్రం పాపది. మా ఇంట్లో ఇది మొదలుపెట్టాక పుట్టినరోజు కేకు మీద వేళ్ళు గుచ్చడం మానేశాడు మా వాడు.

ఋతువుల్ని కూడా వదలకు. నాకు ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పండగ ఆవకాయ కలిపిన రోజు. ఏ పంచాంగంలోనూ లేదు. కలిపిన బేసినులో ఆవపిండీ కారం నూనె అంటుకుని ఉంటాయి కదా, అందులో వేడి వేడి అన్నం వేసి, నెయ్యి పోసి కలిపి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి ముద్దలు పెట్టడం. మీ పాపకి కారం అయితే నెయ్యి కాస్త ఎక్కువ పొయ్యి. మామిడికాయ ముక్కలు గుడ్డతో తుడిచే పని పిల్లలకిస్తే ఆ పూటకి వాళ్ళే యజమానులు. మూడో రోజు తిరగ కలిపేటప్పుడు మళ్ళీ ఒక ముద్ద. అలాగే మొదటి ముంజలు, మొదటి సీతాఫలం, చలికాలంలో తేగలు. మృగశిర కార్తె రోజున మా తెలంగాణ పొరుగువాళ్ళ ఇంట్లో చేపల కూర, మేం ఇంగువ బెల్లం.

హైదరాబాదులో ఉంటే ఇంకో తమాషా ఉంది. మే 9 ప్రాంతంలోనూ మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా ఉన్న దేనికీ నీడ పక్కకి పడదు. మేము మేడ మీద రోకలి నిలబెట్టి చూశాం. గ్రహణం నాడు రోకలి నిలబడుతుందని మా అమ్మ నీళ్ళ పళ్ళెంలో పెట్టేది. అది ఏ రోజైనా నిలబడుతుంది, కాస్త ఓపికుంటే చాలు. నీడ మాయమవడం మాత్రం ఆ రెండు రోజుల్లోనే. పిల్లలు తమ నీడని తామే తొక్కి నుంచున్నామని గెంతారు. తరవాత పుచ్చకాయ కోశాం, అదే "నీడలేని పండగ". ఆగస్టుది మబ్బు పడితే పోతుంది, మే నెలదే నమ్మకం.

ఇన్ని చెప్పానని అన్నీ చెయ్యకు తల్లీ. నెలకి ఒకటి, మహా అయితే రెండు. అంతకు మించితే నీకు విసుగు, వాళ్ళకి అలవాటు. ఒక వంటకం, అది కూడా గంటలో అయ్యేది. బయటి మనిషి ఒక్కరు, పక్కింటి పిల్లో తాతగారో ఎవరైనా సరే. బహుమతి మాత్రం వద్దు. ఒకసారి బొమ్మ కొంటే తరవాతి పన్ను ఊడినప్పుడు దాని ధర పెరుగుతుంది. ఉద్యోగం చేసుకునేదానివి, అరిసెలు పాకం పట్టలేకపోతే స్వగృహ దుకాణంలో కొను, తప్పేం లేదు. అయితే పక్కింటికి పట్టుకెళ్ళి ఇవ్వడం మాత్రం పిల్లల చేతే చేయించు.

ఇదంతా వినోదం కోసమే అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఆరేళ్ల కిందట మావారు పోయారు. సంవత్సరీకం అయ్యేదాకా ఇంట్లో పండగల్లేవు. సంక్రాంతికి ముగ్గు వెయ్యలేదు, ఉగాది పచ్చడి లేదు. పిల్లలకి అది ఎలా చెప్పాలి? మూడో నెలలో రెండో మనవడికి మొదటి పన్ను ఊడింది. చేతిలో పట్టుకొచ్చి ఏమీ అడక్కుండా నిలబడ్డాడు, అన్నకి చేసింది వాడికి గుర్తే. కోడలు నా మొహం వంక చూసింది, మూకుడు పెట్టొచ్చా అని. ఇది పండగ కాదమ్మా, పన్ను కదా అన్నాను. పిండి నేనే కలిపాను. ఆ ఇంట్లో మూడు నెలల తరవాత నూనె వాసన అదే మొదటిసారి. మందారం కుండీ దగ్గర పన్ను పాతిపెట్టేది ఎప్పుడూ ఆయనే. ఆ రోజు పెద్దవాడు పాతిపెట్టాడు, ఆయన అనే మాటలే అంటూ.

సరే, నీ సంగతికి వద్దాం. బాబుకి ఆగస్టులో ఎనిమిది నిండుతాయన్నావు. ఈసారి హాలు బుక్ చేసే ముందు క్యాలెండర్ తియ్యి. పుట్టినరోజు తరవాత వచ్చే తొలి పున్నమి చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీత గియ్యి. శ్రావణ భాద్రపదాల్లో మబ్బు ఉంటే కంగారు పడకు, చంద్రుడు కాసేపు తొంగిచూసినా లెక్కకి వస్తాడు. అక్కడి నుంచి కాదు, పుట్టినరోజు నుంచి 78వ రోజున ఇంకో గీత. ఆ గీతలు ఎందుకో వాడికి చెప్పకు. వాడే అడుగుతాడు. అడిగినప్పుడు కాగితం, పెన్సిలు చేతికిచ్చి కూర్చోబెట్టు.